జమ్రుద్‌బీ చూడని సగం

కాళ్లు బార చాపి పీట మీద కూర్చున్న జమ్రుద్‌బీ, ముంగాళ్ల మీద పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని, వీపంతా ఆముదం రుద్దుతోంది. బక్కపలుచని మనిషి. ముఖం ఎండకు నెర్రెలిచ్చిన చేనులా ఉంటుంది. అరచేతులు మాత్రం ఏళ్ల తరబడి ఆముదం తాగి, ఆ పసివాడి వీపంత మెత్తగా ఉంటాయి.

"పెట్టె వచ్చిందంట జమ్రుదక్కా," అంది హులిగమ్మ, మనవడి మీద వేణ్ణీళ్లు పోస్తూ. "పొద్దున ఆదోని బస్సులో దింపినారంట. మ్యాట్నీకే ఏచ్చారంట."

ఆ పెట్టెలోని సినిమా కోసం ఎమ్మిగనూరు ఎదురుచూడబట్టి చాలా రోజులైంది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బస్టాండు గోడ మీది వాల్‌పోస్టరులో కోరమీసాల హీరో నిండు కడుపుతో, ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో పచ్చి మామిడికాయ కొరుకుతూ ఉంటాడు. దాంతో ఊరంతా దాన్ని 'మొగోని కడుపు సినిమా' అనేసింది. ఆదోనిలో చూసొచ్చినవాళ్లలో సగంమంది పక్కటెముకలు పట్టేసేటట్టు నవ్వినామన్నారు. మిగతా సగం టికెట్టు డబ్బులు వెనక్కియ్యమని కొట్లాడాల్సిందన్నారు. ఇట్లాంటివి పిల్లల్ని పాడుచేస్తాయని శ్రీపాదరావు అయ్యవారు హోటల్లో అందరికీ వినబడేటట్టు చెప్పి, ఆట ఎన్ని గంటలకని సర్వరును మెల్లగా అడిగాడట.

"మీసాలున్నోడు నీళ్లోసుకునేదేందమ్మా, థూ!" లోపల మగ్గం ఆపి అరిచాడు హులిగమ్మ కొడుకు హనుమన్న. "ఊరికే సూపిచ్చినా పోను నేను."

"నువ్వు పోవద్దులే అన్నా. సూసినావంటే నీకూ నొప్పులొచ్చాయి!" గోడ అవతలినుంచి ఉరుకుందమ్మ అందుకుంది. ఆమెకు నెలలు నిండాయి. గోడకు కడుపు ఆనించుకుని నిలబడింది. "మా ఆయప్పను మాత్రం కాళ్లూసేతులూ కట్టేసైనా తోలుకపోతా. నడుంనొప్పి అంటే ఏందో సూడనీ ఒకసారి. ఏం బూబమ్మా, నిజంగా మొగోడు మోసేకి అయితాదా?"

జమ్రుద్‌బీ పసివాణ్ణి వెల్లకిలా తిప్పి, ముక్కుదూలం రెండు వేళ్లతో సాగదీసింది. "మోచ్చాడేమో. కనేకాడ ఏం జేచ్చాడో సూడల్ల. ఆడికొచ్చేతలికి ఎవురో ఒకరు నన్ను పిలుచ్చారు గదా!"

అందరూ నవ్వారు. ఎందుకంటే అది నిజం. జమ్రుద్‌బీ ఇంతవరకు ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. టాకీసులో ఆడవాళ్ల వైపు, తలుపు పక్కన బెంచీ కొస ఆమెది. సగం ఆటలో ఎవరో ఇంట్లో నొప్పులొస్తున్నాయని పరుగెత్తుకొస్తారు. గేటు కాసే అయ్యన్న లోపలికి తలపెట్టి "బూబమ్మా" అంటాడు. ఒక్క పిలుపుకే లేస్తుంది. లేస్తూ వక్కాకు తిత్తిని బెంచీ మీద పెట్టి పోతుంది, ఇప్పుడే వస్తానన్నట్టు. అప్పుడే వచ్చింది ఏనాడూ లేదు. మర్నాడు అయ్యన్న ఆ తిత్తి చేతికిచ్చి, మిగతా కథ రెండు మాటల్లో చెప్పేవాడు. హీరో గెలిచాడనో, పెళ్లయిందనో. ఆమెకు అది చాలేది.

ఈ సినిమాకు అట్లా చాలదు.

"ఉరుకుందమ్మా, నీకే సెప్తాండా," లేస్తూ అంది. "ఈపొద్దు ఆటయ్యేదాకా కాళ్లు దగ్గరగా పెట్టుకోని పండుకో."

"నేనైతే గమ్మునుంటా బూబమ్మా. లోపలుండేది ఇనల్ల గదా!"

ఇంటికి పోతూ బస్టాండు గోడ దగ్గర ఆగింది జమ్రుద్‌బీ. హీరో నడుము మీద చెయ్యి. సరిగ్గా అట్లాగే.

ఆమె భర్త మాబు సాబ్ ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే రోజులవి. ఆమెకు తొలికాన్పు. బిడ్డ ఏడవలేదు. ఆ తర్వాత జమ్రుద్‌బీ కూడా ఏడవలేదు, మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. ఒక సాయంత్రం తల నిండా దూది నూగుతో ఇంటికొచ్చిన మాబు సాబ్, దిండు తీసుకుని చొక్కా లోపల పొట్టకు కట్టుకున్నాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఆయాసపడుతూ, ఆమె ముందు అటూ ఇటూ నడిచాడు. "మల్ల వచ్చేది నేను మోచ్చాలే జమ్రుద్. పదిలంగా మోచ్చా," అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. మళ్లీ కడుపు రాలేదు. మాబు సాబ్ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో అందరూ సిగ్గులేని సినిమా అంటున్నది, ఆమె ఒకసారి చూసినదే.

మ్యాట్నీకి టాకీసు కిక్కిరిసింది. హీరోకు తొలి వేవిళ్లు రాగానే ఆడవాళ్లు పమిటలు నోట్లో కుక్కుకుని మరీ నవ్వారు. "ఇంగా రానీ, ఇంగా రానీ!" అని ఎవరో అరిచారు. ఇంటర్వెల్లో దీపాలు వెలిగితే, మగవాళ్ల వైపు హనుమన్న తలకు తువ్వాలు కప్పుకుని కనబడ్డాడు. జమ్రుద్‌బీ చూడనట్టు తల తిప్పుకుంది.

రెండో సగంలో హీరోకు నొప్పులొచ్చాయి. నలుగురు బండి మీద ఆసుపత్రికి తోస్తున్నారు. హాలంతా లేచి నిలబడింది. జమ్రుద్‌బీ రెండు చేతులూ తెలియకుండానే ముందుకు చాచింది, పట్టుకోవడానికన్నట్టు.

"బూబమ్మా."

తలుపు దగ్గర అయ్యన్న. అతని వెనక రొప్పుతూ హులిగమ్మ. "ఉరుకుందమ్మకు ఉమ్మనీరు పోయింది జమ్రుదక్కా."

తిత్తి బెంచీ మీద పెట్టి లేచింది. గడప దగ్గర మాత్రం, ఎప్పుడూ లేనిది, ఒక్క నిమిషం ఆగింది. "అయ్యన్నా, నువ్వు ఈడనే నిలబడి సూడు. బిడ్డ బతుకుతాదేమో సూడు. సూసొచ్చి సెప్పు."

పొద్దు వాలేవేళకు ఉరుకుందమ్మకు ఆడపిల్ల పుట్టింది. జమ్రుద్‌బీ బిడ్డను కాళ్లు పట్టుకుని తల్లకిందులుగా వేలాడదీసి, పిర్ర మీద తట్టి, ఏడుపు విన్నాకే ఊపిరి పీల్చుకుంది. చేతులు కడుక్కుని వీధి అరుగు మీద గోడకు చేరగిలబడింది. ఆయాసం తగ్గలేదు.

ఫస్టుషోకు ముందే వస్తానని మేనేజరుకు చెప్పి అయ్యన్న వచ్చాడు. దారంతా నవ్వుకుంటూనే వచ్చాడు. ఆసుపత్రి తలుపు మూసుకోగానే హీరో మంచం మీదినుంచి దబ్బున కిందపడి మేలుకున్నాడు. అంతా కల. కడుపూ లేదు, బిడ్డా లేదు. సగంమంది ఈలలేశారు, సగంమంది బూతులు తిట్టారు. అదంతా ఆడి చూపించాలని వచ్చాడు.

"బతికిందా అయ్యన్నా?"

ఆ గొంతు విన్నాక అతనికి నవ్వు పోయింది. ఎందుకో తెలియలేదు.

"బతికిందమ్మా."

"ఏడ్సిందా?"

"టాకీసంతా అదిరిపోయేటట్ల ఏడ్సింది."

"ఏం బిడ్డ?"

అయ్యన్న తడబడ్డాడు. లోపల ఉరుకుందమ్మ కూతురు కేరుమంది. "ఆడపిల్ల," అన్నాడు.

"ఆయప్ప ఏం జేసినాడు మరి?"

ఆమె ఒడిలో వెల్లకిలా పెట్టుకున్న అరచేతుల్ని చూశాడు. "ఎత్తుకున్యాడు. నర్సమ్మ అడిగినా ఇయ్యలేదు. పదిలంగా పట్టుకున్యాడు, ఇట్ల."

"పదిలంగానా?"

"పదిలంగానే."

జమ్రుద్‌బీ నవ్వింది. పళ్లు లేని నోరంతా నవ్వింది. "అనుకున్యా," అంది.

"నీ తిత్తి బెంచీ మీదనే ఉండాది. తెచ్చేది మర్సినా."

"ఉండనీలే. రేపొచ్చా."

అతను పోయాక కళ్లు మూసుకుంది. కాసేపటికి హులిగమ్మ టీగ్లాసుతో అరుగు మీదికి వచ్చి, "జమ్రుదక్కా," అని పిలిచింది. ఒక్క పిలుపుకే లేచే మనిషి. హులిగమ్మ మళ్లీ పిలిచింది.

ఆ సినిమా పెట్టె కోడుమూరుకు పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆడవాళ్ల వైపు బెంచీల మీద ఒకరినొకరు తోసుకుంటూ కూర్చున్నారు. తలుపు పక్క కొసన మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. అక్కడ, మూతితాడు బిగించి, పిడికెడంత వక్కాకు తిత్తి.