క్యాలెండరున లేని సగము

హేమంతకాలపు అపరాహ్ణము. భాగ్యనగరమందలి యొక పురాతన రాజసౌధమున నెలకొల్పబడిన చిత్రశాలలో ఉన్నతవాతాయనముల రంగుటద్దములగుండ జాలువారు సూర్యకాంతి పాలరాతినేలపై నీలారుణచ్ఛాయలు పఱచి ప్రవాహము మఱచిన నదివలె నిద్రించుచుండెను. గతించిన రాజులు బంగారుచట్రములలో కన్నులు విప్పి మేల్కొనియుండ వారిని జూడవచ్చిన సజీవులు మాత్రము నీడలవలె నిశ్శబ్దముగా సంచరించుచుండిరి.

ఆ నీడలలో గవర్రాజొకడు. గోదావరితీరమందలి పల్లెవాడు. భార్య అచ్చియ్యమ్మ గతించి ఏడాది కావచ్చెను. ఎరువుల దుకాణమువారిచ్చిన క్యాలెండరొకటి ఆమె వంటయింటిగోడపై చిరకాలము వ్రేలాడినది. తేదీలు చిరిగిపోయినను అందలి బొమ్మను ఆమె విడువలేదు. దీపముచెంత కూర్చున్న యొక స్త్రీ పటము అంచునకావల నెవరినో చూచుచుండును. చాచిన కుడిచేయి మణికట్టుకడ అంచుచే తెగియుండును.

“ఈవిడ ఎవరికేసి చూత్తందంటావు?” అని అచ్చియ్యమ్మ అన్నము వడ్డించుచు అడిగెడిది. వంటయింటికి వీపుపెట్టి భుజించు గవర్రాజు ఎన్నడును బదులు చెప్పలేదు. తుదిదినమునను ఆమె ఆ మాటయే యడిగెను. అతడు అటు తిరిగి పరుండెను.

మూలచిత్రము నగరమున నున్నదని అచట కాపురముండు మరదలు నూకరత్నము తాను చూడకున్నను ఒకరివలన విని చెప్పగా గవర్రాజు తెలిసికొనెను. సంవత్సరీకమునాడు పిండముముందు ఆ ప్రశ్నకు బదులు చెప్పనిదే తనకు ముద్ద దిగదని తలచి బయలుదేరి వచ్చెను.

“ఏంటి బావా ఆ మొహం? ఈ రాజులంతా నీకేదో అపకారం చేసినట్టు చూత్తన్నావు!” అనెను వెంటవచ్చిన నూకరత్నము.

“చేసేరేమో ఎవడికి తెలుసు. ఆ బొమ్మెక్కడ?”

“అక్క ఉండగా ఓపాలి తీసుకొచ్చేవు కాదు. ఎన్నిమాట్లు రమ్మన్నానూ!”

“నడు.”

నవీనచిత్రకారుల గదిలో ఆమె నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నిలిచెను. “ఇదేం చోద్యం బావా! ఈ ఆడమనిషికి రెండు కళ్ళూ ఒక్కపక్కనే ఉన్నాయి.”

“మొగుడు రెండోపక్క ఉండుంటాడు” అని గవర్రాజు ఆగక సాగెను.

కట్టకడపటి మందిరమున గోడనంతయు నాక్రమించి ఆ చిత్రముండెను. అదే దీపము. అదే స్త్రీ. తేదీలకు చోటు కావలసి అచ్చొత్తినవారు కోసివేసిన సగము ఇచట సమగ్రముగా వెలుగుచుండెను. అందు బాటసారి లేడు. ప్రియుడు లేడు. తెఱచిన వాకిలియైనను లేదు. అదే గదిలో పీటపై ఆమెకు వీపుపెట్టి యొక పురుషుడు భుజించుచుండెను. వాని ముఖము చీకటిలో నుండెను. ఆమె చాచిన చేతిలో నేతిగరిట. నేయి పేరుకొనిపోయినది.

దీపము చలించినట్లును కాగిననేతి వాసన ఎచటినుండియో వచ్చినట్లును గవర్రాజునకు తోచెను. అతడు ఱెప్పవేయక నిలిచెను. రంగుటద్దముల నీలిమ వాని పాదములు దాటి గోడనెక్కెను.

“ఓలమ్మో! మొగుడే!” అని నవ్వబోయి నూకరత్నము బావగారి మొగము చూచి మానెను. పిదప మెల్లగా ననెను. “అక్కకేం చెబుతావు బావా?”

“ఇంట్లోనే ఉన్నాడని చెబుతాను.”

సాయంకాలపు గంట మ్రోగెను. కావలివాడు కిటికీలు మూయసాగెను. గర్భాలయమునుండి వెడలు భక్తుడు దేవతకు వీపు చూపనట్లు గవర్రాజు ఆ చిత్రమునకు అభిముఖుడై వెనుకకు అడుగులు వేయసాగెను.

“ఓ పెద్దాయనా, ముందుకు సూసి నడువు! పడ్తవ్!” అని కావలివాడు నవ్వుచు కేకవేసెను.

నూకరత్నము నవ్వలేదు. అతని మోచేయి పట్టుకొని త్రోవ చూపెను. ద్వారము ఆ స్త్రీ చూపు సాగు దిక్కుననే యుండెను. ఒక్కొక్క కిటికీ మూతపడుకొలది చిత్రమందలి పురుషుడు తన చీకటిలోనికే కరగిపోయెను. తుదకు దీపమును ఆమె కన్నులును మాత్రము మిగిలెను. ఆ చూపునకిక అడ్డము లేకుండెను.

గవర్రాజు మొగము త్రిప్పుకొనలేదు.