వెట్‌సూట్‌కి ఆది జాకెట్టు

"ఒక సైజు పెద్దదే చెప్పు సుధా. మళ్ళీ మళ్ళీ కొనే వస్తువు కాదుగా," అన్నారు మా ఆయన శశిభూషణ్, నేను చిక్కుడుకాయలు బాగుచేస్తుంటే వచ్చి పక్కన కూర్చుని. నాలుగు కాయలు తనూ తుంచి పళ్ళెంలో వేశారు. ఆ నాలుగు కాయల సంగతి సాయంత్రం వాళ్ళ చెల్లెలికి ఫోన్లో చెప్తారని నాకు తెలుసు. మంచి మనిషి. చేసిన పనిని దాచుకోలేని మంచి మనిషి.

ఆ వస్తువు వెట్‌సూట్. చన్నీళ్ళలో ఈదేవాళ్ళు మెడ నుంచి చీలమండల దాకా వేసుకునే రబ్బరు తొడుగు. నవంబరు రెండో ఆదివారం హిమాచల్‌లో ఒక కొండ సరస్సు దగ్గర ట్రయాథ్లాన్ ఉంది. కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు, ఆగకుండా ఒకదాని తర్వాత ఒకటి. నీళ్ళు మరీ చల్లగా ఉంటాయి కాబట్టి వెట్‌సూట్ లేనివాళ్ళని దిగనివ్వబోమని ముందే చెప్పారు. పేరిచ్చాను. నలభై నాలుగేళ్ళ వయసులో, సత్తెనపల్లి నుంచి, నా పేరు నేనే ఇచ్చాను.

ఇదంతా ఎలా మొదలైందంటే, మూడేళ్ళ కిందట థైరాయిడ్ వచ్చి ఒళ్ళు బరువెక్కితే డాక్టరు నడవమంది. నడక పరుగైంది. పాత సైకిలు బాగుచేయించుకుని బడికి తొక్కడం మొదలుపెట్టాను. ఈత చిన్నప్పుడు మా నాన్న కాలవలో నేర్పినదే, చేతులు మర్చిపోలేదు. గుంటూరు ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ పొద్దున పదిన్నరకి. ఆ టైముకి ఉద్యోగం చేసే ఆడది రాలేదు, ఇంట్లో ఉండే ఆడది అసలే రాలేదు, అయినా ఆ టైమే పెట్టారు. నాకు మిగిలింది ఆదివారాలు. ఆదివారం ఈదాలంటే శనివారమే పిండి రుబ్బి, బట్టలుతికి, కూరలు తరిగి పెట్టుకోవాలి. ట్రయాథ్లాన్‌లో మూడే పోటీలని అందరూ అనుకుంటారు. నాకు నాలుగోది కూడా ఉంది, అది స్టవ్ దగ్గర మొదలవుతుంది. అత్తయ్యగారు బాలత్రిపురసుందరి మాత్రం ప్రతి ఆదివారం నా సంచిలో రెండు సున్నుండలు పడేసేవారు. "నీకెందుకే ఈ తిప్పలు" అనేవారు, "నీరసం వస్తుంది, తిను" అనేవారు. రెండూ ఒకే గుక్కలో.

బడిలో నేను జీవశాస్త్రం చెప్తాను. సెలవు చీటీ ఇస్తే హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారు "ఎవరి పెళ్ళమ్మా?" అన్నారు. "పెళ్ళి కాదండి, ఈత పోటీ" అంటే "ఏ క్లాసు పిల్లల్ని తీసుకెళ్తున్నారు?" అన్నారు. పోటీ నాకేనని చెప్పాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, నవ్వి, సంతకం పెట్టారు. "స్పోర్ట్స్ డేకి గేటు దగ్గర ముగ్గు మాత్రం మీరే వెయ్యాలి, మీ ముగ్గు బాగుంటుంది" అన్నారు. నా ముగ్గు బాగుంటుంది, నిజమే. వేశాను కూడా. నడుం వంచి ముగ్గు వేస్తున్నంతసేపూ నా వెనక పిల్లలు వంద మీటర్లు పరిగెత్తుతూనే ఉన్నారు.

ఇక సైజు సంగతి. కంపెనీ వాళ్ళ పట్టికలో ఛాతీ, నడుము, తుంటి, ఎత్తు, బరువు అడిగారు. టేపు ఒంటికి ఆనించి కొలవాలని స్పష్టంగా రాశారు. కానీ మా ఇళ్ళలో ఆడదాన్ని కొలవరు. ఆది జాకెట్టు పంపుతారు. పాత జాకెట్టు ఒకటి సంచిలో పెట్టి టైలరుకిస్తే, దాన్ని చూసి కొత్తది కుడుతుంది, మనం అక్కడికి వెళ్ళే పని కూడా ఉండదు. నా ఆది పెళ్ళైన కొత్తలో అత్తయ్యగారు కుట్టించినది. "రేపు పిల్లలు పుడితే ఒళ్ళు చేస్తుంది, వదులు పెట్టు" అని చెప్పి కుట్టించారు. ఆ తర్వాత ప్రతి జాకెట్టుకీ "ఆది కన్నా కొంచెం లూజు" అన్న మాటే. అన్విత పుట్టింది, పెరిగింది, ఇంటర్ చదవడానికి హాస్టల్‌కీ వెళ్ళింది, ఆ లూజు మాత్రం తగ్గలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఒక చేత్తో బోర్డు మీద గుండె బొమ్మ వేస్తూ రెండో చేత్తో జాకెట్టు భుజం మీదికి లాక్కుంటూనే ఉన్నాను. పిల్లలు నన్ను అనుకరించాల్సి వస్తే ముందు భుజం సర్దుకుంటారట.

నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆది జాకెట్టు మంచం మీద పరిచి ఛాతీ కొలిచాను. నడుముకీ తుంటికీ బడికి వేసుకునే చుడీదారు పరిచాను. ఎందుకైనా మంచిదని పైన ఇంకో అంగుళం కలిపాను. ఏడాదికి ఆరు పీరియడ్లు చర్మం గురించి పాఠం చెప్పేదాన్ని, నా చర్మం ఎక్కడుందో కనుక్కోవడానికి బీరువా వెతికాను.

పార్సెల్ వచ్చింది. వేసుకుంటే ఇట్టే దూరింది. ఇంట్లో అందరికీ సంతోషం. "వ్యోమగామిలా ఉన్నావు, రాకెట్ ఒక్కటే తక్కువ" అన్నారు ఆయన. అత్తయ్యగారు చుట్టూ తిరిగి చూసి, "మర్యాదగానే ఉందే. ఒంటికి అతుక్కుపోయి ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని బెంగపడ్డాను" అని కుర్చీలో కూర్చున్నారు. నాకూ హాయిగానే ఉంది. ఆయన ఫోటో తీస్తే ఈతకొలను దగ్గర కోచ్‌గా ఉండే రిహానాకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది.

"మేడమ్, చెయ్యి వెనక్కి పెట్టి నడుం దగ్గర రబ్బరు పట్టుకోండి. ఎంతొస్తోంది?"

"పిడికెడు."

"మెడ దగ్గర వేళ్ళు దూరతాయా?"

"నాలుగూ దూరుతున్నాయి."

"అయితే తీసెయ్యండి. ఆ జాగాలో బిందెడు చన్నీళ్ళు చేరతాయి. వాటిని మోసుకుంటూ ఈదాలి మీరు, సగం దూరంలోనే వణుకొచ్చేస్తుంది. వెట్‌సూట్ బయట ఉన్నప్పుడు బిగుతుగా, కొంచెం ఇబ్బందిగా ఉండాలి. చేతులు లేవాలి, నిండుగా ఊపిరి అందాలి, ఎక్కడా మడత ఉండకూడదు. హాయిగా ఉందంటే అది మీది కాదు. తడపకండి, తడిస్తే మార్చరు. దీంతో మాత్రం నేను మిమ్మల్ని పంపను."

ఫోన్ పెట్టేశాక ఆయన నా మొహం చూసి, "పోనీ ఈసారికి వదిలెయ్ సుధా. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో. ఈ 'వచ్చే ఏడాది' నా ఎం.ఎస్సీ.కి విన్నాను, కారు డ్రైవింగ్‌కి విన్నాను, స్నేహితురాళ్ళతో అరకు వెళ్దామనుకున్నప్పుడు విన్నాను. ఒక్కసారి కూడా కోపంగా అనలేదు ఆయన. కోపంగా అనుంటే ఎప్పుడో పోట్లాడేదాన్ని. ప్రేమగా అంటారు కాబట్టి నేనూ ప్రేమగా ఊరుకున్నాను, ఇన్నేళ్ళు. అది గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆయన కంగారుపడి, "అయితే రహిమున్నీసాకిచ్చి రెండు కుట్లు వేయించు, సరిపోతుంది" అన్నారు.

రహిమున్నీసా అక్క పంతొమ్మిదేళ్ళుగా నా జాకెట్లు కుడుతోంది. వెట్‌సూట్ తీసుకుని, అలవాటుగా తిరగేసి, లోపల వదిలిన గుడ్డ కోసం వెతికింది.

"లోపల అంగుళం కూడా వదల్లేదేంది టీచరమ్మా?"

"ఇది అట్లా కుట్టరంట అక్కా. రెండు కుట్లు వేస్తే సరిపోద్దేమో చూడు."

"సూది దిగితే చిల్లు పడద్ది. చిల్లు పడితే నీళ్ళు రావా? నేను ముట్టుకోను. అయినా కొలతలు ఎవరు తీశారు మీకు?"

ఆది జాకెట్టు పరిచి కొలిచానని చెప్పాను. మిషను మీద తలపెట్టి నవ్వింది. నవ్వి నవ్వి, పైటతో కళ్ళు తుడుచుకుని, అప్పుడు మెల్లగా అంది.

"ఆ ఆది మీద నూరు జాకెట్లు కుట్టుంటా. ఒక్కటీ మీ ఒంటిమీద సరిగ్గా కూర్చోలా. కుట్టినదాన్ని, నాకు తెలవదా? మీ అత్తగారు వదులంటారు, మీరూ వదులే అంటారు. అడిగినట్టు ఇస్తా వచ్చా. లోపలికి రండి."

తెర వెనక, కుట్టని లంగాల కట్టల మధ్య, లోబట్టలతోనే నిలబెట్టి టేపు చుట్టింది. టేపు చల్లగా తగిలింది. ఒకరు నన్ను కొలవడం అదే మొదటిసారి. ఊపిరి బిగబట్టాను. "బిగబట్టొద్దు, మామూలుగా ఉండండి" అంది. ఛాతీ ముప్ఫై ఆరు. నేను పట్టికలో రాసింది నలభై రెండు, పైన కలిపిన అంగుళం తీసేస్తే నలభై ఒకటి. ఐదంగుళాలు. ఇన్నేళ్ళూ నా చుట్టూ ఐదంగుళాల ఖాళీ చుట్టుకుని తిరిగాను, పుట్టబోయే పిల్లల కోసమని, రాబోయే లావు కోసమని, చూసేవాళ్ళ కళ్ళ కోసమని. ఆ ఖాళీలో నేను తప్ప అందరూ ఉన్నారు. చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, ఎక్కువ భాగం నా మీదే. రహిమున్నీసా అక్క ఇవేమీ ఎరగనట్టు నా భుజం నొక్కి చూసి, "ఎంత గట్టిపడ్డాయమ్మా ఈ భుజాలు. ఇవి దాచుకునేవి కాదు" అంది.

ఇంటికొచ్చి పట్టిక మళ్ళీ నింపాను. రెండు సైజులు చిన్నది. ఆయన భుజం మీంచి చూసి, "రెండా? మధ్యస్తంగా ఒకటి తగ్గించు" అన్నారు.

"నీళ్ళు మధ్యస్తంగా ఉండవండీ," అన్నాను. "ఇది సరిపోతే వెళ్తాను. ఈ ఏడాదే వెళ్తాను."

 ఆయన పెద్ద సూట్‌ని తనే మడిచి, డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు వేసి, కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. వచ్చాక ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు.

కొత్తది ఒక సెలవురోజు పొద్దున వచ్చింది. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు పేలిందని ఆయన సెలవైనా డ్యూటీకి కరెంటాఫీసుకి వెళ్ళారు. అత్తయ్యగారు మడి కట్టుకుని వంటింట్లో ఉన్నారు. పన్నెండింటి దాకా ఆవిణ్ణి ఎవరం తాకం. తలుపేసుకుని, రిహానా చెప్పినట్టు గోళ్ళు కత్తిరించుకుని, రబ్బరు జారేందుకు పాదాలకి ప్లాస్టిక్ చీర కవర్లు తొడుక్కుని మొదలుపెట్టాను. మోకాళ్ళ దాకా రావడానికే పది నిమిషాలు. గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో కొంచెం కొంచెం పైకి తెచ్చుకోవాలి. తుంటి దగ్గర ఆగిపోతే ఏడుపొచ్చింది. చేతులు దూరాయి, భుజాలు ఎక్కాయి. వీపు వెనక జిప్పు మాత్రం సగంలో ఆగిపోయింది. ఎంత లాగినా రాదు. ఇది ఎక్కకపోతే మార్చడానికి ఇక రోజుల్లేవు. చెమటలు కారుతూ హాల్లోకి వచ్చి నిలబడ్డాను.

అత్తయ్యగారు గుమ్మంలోంచి చూశారు. నా పొట్ట, తొడలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఏమంటారోనని చూస్తున్నాను.

"జిప్పు రావట్లేదుటే?"

"రావట్లేదు అత్తయ్యగారూ. ఆయన వచ్చేదాకా ఉంటాలెండి."

"వాడొచ్చేదాకా ఇట్లాగే ఉక్కపోసి చస్తావుటే? ఇటు తిరుగు."

"మీరు మడి..."

"మళ్ళీ స్నానం చేస్తాలే. తిరుగు."

రెండు వైపులా రబ్బరు దగ్గరికి పట్టుకుని, మోకాలు నా నడుముకి ఆనించి మరీ లాగారు. జిప్పు మెడ దాకా వెళ్ళింది. చేతులు పైకెత్తాను. లేచాయి. ఊపిరి పీల్చాను. నిండుగా అందింది. ఒక్క మడత లేదు.

"వెనక నడుం దగ్గర పిడికెడు వస్తుందేమో చూడండి," అన్నాను.

పట్టుకోబోయారు. వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ పట్టుకోబోయారు. తర్వాత అరచెయ్యి అక్కడే ఉంచేసి, "ఇంతేనా నువ్వు? ఇన్నాళ్ళూ నిన్ను లావనుకున్నానే" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"నా పెళ్ళికి జాకెట్లు కుట్టించినప్పుడు ఆది మా అత్తగారిది పంపారు," అన్నారు. "ఆవిడ భారీ మనిషి. నాకు పదహారేళ్ళు. చేతుల్లో గాలి ఆడేది. ఆ తర్వాత ఎప్పుడూ అదే ఆది. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళైంది, ఇప్పటికీ ఆవిడ కొలతే కుడుతోంది ఆ రహిమున్నీసా." రవిక చెయ్యి పట్టి చూపించారు. ఎముకలు తేలిన సన్నటి చెయ్యి, దాని చుట్టూ ఇంకో మనిషి పట్టేంత గుడ్డ.

ఆ వెట్‌సూట్‌లోనే గదిలోకి వెళ్ళి టేపు తెచ్చాను. ఆవిడ వద్దనలేదు. పైట తీసి నడుముకి దోపుకుని, చిన్నపిల్లలా చేతులు పక్కకి చాపి నిలబడ్డారు. డెబ్బై రెండేళ్ళ మనిషి.

"ఎంత వదులు పెట్టి కొలవమంటారు?" అని అడిగాను.

"ఒంటికి ఆనించి పెట్టు," అన్నారు. "నేనెంతో చూసుకుంటాను."