పది లెక్కపెట్టేదాకా

ఎడమచేతి వేళ్ళ వెనకవైపును పెట్టెకు ఆనించి ఆమె లోలోపల లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర చెయ్యి లాక్కుంది. పొద్దున తొమ్మిదికే ఆరయితే, మధ్యాహ్నం గతేమిటి?

లారీల బరువు తూచే కాటా పక్కన, రేకుల గదిలో పద్నాలుగేళ్ళుగా ఆమెదే కుర్చీ. డ్రైవర్లు కాటా అక్క అంటారు. ఆ పెట్టే బరువు లెక్క కట్టే కంప్యూటరు, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాని లోపల ఫ్యాను లేదు. ఒంటినిండా దువ్వెన పళ్ళలా నిలబడ్డ రేకుల్లోంచే వేడి పోవాలి. పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఆగితే క్షేమం. ఐదుకే కాలిందంటే కాసేపట్లో ఆగిపోతుంది. పోయిన వేసవిలో రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగితే మనిషి అక్కర్లేని యంత్రం పెట్టేస్తామని మేనేజరు మొహం మీదే చెప్పాడు.

అందుకే వాళ్ళింట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను ఇప్పుడు ఇక్కడుంది. పంపించింది ఆమె భర్తే. ఊపిరితిత్తులు పాడై రెండేళ్ళుగా మంచం దిగని మనిషి. ఆమె వద్దంటే వినలేదు.

"దానికి జ్వరమొస్తే నీ ఉద్యోగం పోతుంది. నాకు జ్వరమొస్తే నువ్వు తిడతావు, అంతేగా!" అన్నాడు.

అప్పుడు నవ్వేసింది గానీ, ఆ రోజునుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు. రోజూ బయల్దేరేముందు అదే చెయ్యి అతని నుదుటి మీదా పెట్టి చూస్తుంది. ఇవాళా వెచ్చగానే ఉంది. తడిగుడ్డ వేసి, నీళ్ళసీసా చేతికందేచోట పెట్టి వచ్చింది.

మధ్యాహ్నం మొహం కడుక్కుని వచ్చేసరికి తెరమీద అంకెలు కదలడం లేదు. బయట లారీల హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. పెట్టెకు నున్నగా ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది.

"పెద్దాయన తనిఖీకొస్తున్నారు. దుమ్ము కనపడకూడదని కప్పానమ్మా" అన్నాడు మేనేజరు.

"మూతికి గుడ్డ కట్టి పరుగెత్తమంటే మీరు పరుగెత్తుతారా సార్?"

ఆమె కవరు లాగి పారేసి చెయ్యి పెట్టింది. మూడు. ఇంకాసేపయితే పెట్టె పూర్తిగా ఆగిపోతుంది, ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే. పెట్టెను పైకెత్తింది. అడుగుభాగం పైభాగం కన్నా ఎక్కువ కాలుతోంది. ఇన్నేళ్ళూ దాన్ని రిజిస్టర్ల దొంతర మీద పడుకోబెట్టి, గోడకు ఆనించి ఉంచారు. వేడి పోవడానికి దారేది? పొయ్యి ముందు ముప్ఫై ఏళ్ళు నిలబడ్డదానికి ఆవిరి పైకి పోతుందన్న ఇంగితం లేకపోయిందే అని తనను తానే తిట్టుకుంది.

నాలుగు సోడామూతలు ఏరుకొచ్చి, వాటిమీద పెట్టెను పుస్తకంలా నిలువుగా నిలబెట్టింది. గోడకు జానెడు దూరం జరిపింది. అంకెలు మళ్ళీ కదిలాయి. రెండున్నరకు చేతికి ఏడు వచ్చింది. ఉండబట్టలేక ఫ్యాను ఆపి చూసింది. నాలుగింటికి పది. నమ్మకం కుదరక మళ్ళీ చెయ్యి పెట్టింది. పదకొండు.

"ఏంటక్కా, నాడి చూస్తున్నావా?" అన్నాడు కిటికీలోంచి ఓ డ్రైవరు.

"బతుకుతుంది తమ్ముడూ" అంది.

పెద్దాయన రానేలేదు.

సాయంత్రం ఫ్యానును చంకన పెట్టుకుని బస్సెక్కింది. భుజం పీకుతున్నా మనసు తేలిగ్గా ఉంది. ఎన్నాళ్ళకో. ఫ్యానును చూసి భర్త 'పెట్టె దీన్ని వెళ్ళగొట్టిందా?' అంటాడు. 'నీకే ఇచ్చేసింది, తీసుకో' అనాలి. ఆ మాటను దారిపొడుగునా నాలుకమీదే ఉంచుకుంది.

అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర చెడగొట్టడమెందుకని ముందు ఫ్యాను మంచం వైపు తిప్పి పెట్టి, స్విచ్ వేసింది. నుదుటిమీద గుడ్డ ఎండి అట్టకట్టింది. తీసి, వేళ్ళ వెనకవైపు ఆనించింది. ఒకటి, రెండు, మూడు...

పది దాటింది. ఇరవై దాటింది. చెయ్యి తీయాల్సిన అవసరమే రాలేదు.

"ఏవండీ, ఫ్యాను తెచ్చాను" అంది, చల్లబడ్డ అతని భుజం పట్టుకుని కుదుపుతూ.

ఏడుపు విని పక్కింటివాళ్ళు వచ్చారు. ఎవరో ఫ్యాను ఆపారు. రెక్కలు నిలిచాక చూస్తే, వాటినిండా లారీల దుమ్ము.