లెక్కలోకి రాని కుర్చీ

ఆరోగ్య కార్యాలయంలో లెక్కలు రాసే గుమాస్తాకి తన కాగితం మీద మహా నమ్మకం. పొరపాటంటూ జరిగితే లోకంలో జరగాలే గాని, తన కాగితంలో జరగదని ధీమా.

ఒక రోజు పై ఆఫీసు నుంచి అతనికో ప్రశ్న వచ్చింది. నయంకాని జబ్బులతో బాధపడుతూ ఉపశమన వైద్యం అవసరమైన వాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది? ఆ సంఖ్యను బట్టే ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సులను ఇస్తారు. సాయంత్రానికల్లా జవాబు పంపాలి. గుమాస్తా ఆసుపత్రి రిజిస్టరు తెరిచి, నొప్పి మందు కోసం పేరు రాయించుకున్న క్యాన్సర్ రోగులను లెక్కపెట్టి, పంతొమ్మిది అని వేసి పెద్ద నర్సు ముందు సంతకానికి పెట్టాడు.

"ఇంత ఊరికి పంతొమ్మిదేనా?" అందామె.

"రిజిస్టర్లో అంతే ఉంది సిస్టర్."

"గొడుగులున్న వాళ్ళని లెక్కపెట్టి, వానలో తడిసింది ఇంతమందేనని రాశావు నాయనా."

గుమాస్తా మొహం ముడుచుకున్నాడు. "ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టమంటారా?"

"అక్కర్లేదు. నిరుడు పోయిన వాళ్ళ రిజిస్టరు తియ్యి. ఎవరు ఏ జబ్బుతో పోయారో అందులో ఉంటుంది. ఉన్నట్టుండి పోయిన వాళ్ళని పక్కన పెట్టు. మిగతా వాళ్ళలో చాలామంది పోయేముందు నెలల తరబడి బాధపడే ఉంటారు. ఈ ఏడూ ఇంచుమించు అంతమంది ఉంటారు. అంచనా అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి."

అతను సణుక్కుంటూనే కూర్చున్నాడు. ఆమె ఒక్కో జబ్బూ చెబుతుంటే గీతలు గీస్తున్నాడు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అయ్యాయి. గుండె దగ్గరికి వచ్చారు.

"గుండె నీరసించిన వాళ్ళకి నొప్పేముంటుంది సిస్టర్? వాళ్ళనెందుకు కలపడం?"

"పడుకుంటే ఊపిరాడదయ్యా వాళ్ళకి. కుర్చీలో కూర్చునే నిద్రపోతారు. అదేం తక్కువ బాధా?"

కలం ఆగిపోయింది.

గుమాస్తా ఇంట్లో, కిటికీ పక్కన, ఒక కుర్చీ ఉంది. ఎనిమిది నెలలుగా అతని మామగారు అందులోనే పగలూ రాత్రీ గడుపుతున్నారు. "సింహాసనం దిగరా మామగారూ?" అని ఇతను వేళాకోళం చేసేవాడు. ఆయన నవ్వడానికి ప్రయత్నించి ఆయాసపడేవారు. ఆయన కూతురు, అంటే గుమాస్తా భార్య, ఆ కుర్చీ పక్కనే నేల మీద పడుకునేది. గుండె ఇక బాగుపడదని డాక్టరు అన్న మాటను, ఇక చేసేదేమీ లేదన్న మాటగా ఇంటిల్లిపాదీ తీసుకున్నారు. మనలో చాలామంది చేసే పొరపాటే అది.

"దానికి మందుందా సిస్టర్?" అన్నాడు గుమాస్తా.

"గుండెని మళ్ళీ కొత్తది చెయ్యలేం. ఆయాసం మాత్రం చాలావరకు తగ్గించొచ్చు. ఎవరికి?"

"మా మామగారికి. ఎనిమిది నెలలు."

"నీ పంతొమ్మిది మందిలో ఆయనున్నారా?"

అతను మళ్ళీ గీతలు గీయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి పంతొమ్మిది కొట్టివేసి మూడు వందల పన్నెండు అని రాశాడు.

మర్నాడే పెద్ద నర్సు డాక్టరును వెంటబెట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. మందులు మార్చారు, దిండ్లు ఏటవాలుగా ఎలా పేర్చాలో కూతురికి చూపించారు. నాలుగో రోజు మధ్యాహ్నం గుమాస్తా భోజనానికి వచ్చేసరికి మామగారు మంచం మీద వాలి గురకపెడుతున్నారు. ఖాళీ కుర్చీలో భార్య నిద్రపోతోంది. అతనికి ఏడుపొచ్చింది, ప్రాణం కుదుటపడ్డ ఏడుపు.

మామగారు కళ్ళు విప్పారు. "సింహాసనం మా అమ్మాయికిచ్చేశాను అల్లుడుగారూ. లేపకండి."

నెల తిరిగేసరికి ఆ ఊరికి నలుగురు నర్సులు వచ్చారు. లెక్క ఎలా కట్టాలో వాళ్ళకు చెప్పమని పెద్ద నర్సు గుమాస్తానే నిలబెట్టింది.

"అడగడానికి రాలేదంటే అవసరం లేదనుకోకండి," అన్నాడతను. "అడిగితే దొరుకుతుందని వాళ్ళకి తెలియకపోవచ్చు. మా మామగారు ఎనిమిది నెలలు నా కళ్ళెదుటే ఉన్నారు, నా లెక్కలో లేరు."