ఒంటికాలి సింగారం

సాయంత్రం అరటికాయల కుండను ఆకులతో కప్పి పొయ్యి మీద పెట్టి, కోళ్ళను గూట్లోకి తోలి, నకయెంగా వెనక వసారాలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ముందు బేసిన్‌లో వేణ్ణీళ్ళు, గుప్పెడు ఉప్పు, పిండేసిన నిమ్మచెక్కలు. పక్కన గరుకురాయి, గోళ్ళు తీసుకునేది, వాజిలైన్ డబ్బా, మేనకోడలిని అడిగి తెచ్చుకున్న ఎర్ర గోళ్ళరంగు. హాయిగా కాళ్ళు నానబెట్టుకునే మనిషి మొహం మాత్రం కాదు ఆమెది. పన్ను పీకించుకోబోయేదానిలా ఉంది.

ఎందుకుండదు మరి? ఆ ఇంట పుట్టిన ఆడవాళ్ళ పాదాలు వేణ్ణీళ్ళలో నాని మెత్తబడ్డాయంటే, ఆ మెత్తదనం ఆరేదాకా ఎవరి మాటా వినవు. తమకి ఎక్కడ ఊరటో అక్కడికే నడుస్తాయి. నకయెంగాకి మేనత్త అయినావిడ ఒక ఆదివారం కాళ్ళు తోముకుని చర్చికి బయల్దేరి, చర్చి దాటిపోయి, సరస్సు ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. ‘ఇవాళ కాళ్ళు తోముకున్నట్టుంది’ అనుకుని పాదిరిగారు ప్రార్థన మొదలెట్టేశారు. అందుకే ఆ ఇంటి ఆడపడుచులు మడమలను ఎండిన పొలంలా వదిలేస్తారు. నకయెంగా మడమ పగుళ్ళలో బీన్స్ గింజ వేస్తే మొలిచేలా ఉండేది.

అలాంటిది, మేనకోడలి ‘పరిచయం’ రేపనగా ఈవిడ బేసిన్ ముందేసుకుంది.

పరిచయమంటే మాటలు కాదు. మగపెళ్ళివారు పందిట్లో వరసగా కూర్చుంటారు. పెళ్ళికొడుకు వాళ్ళ మధ్యన, అందరిలాంటి తెల్ల అంగీలోనే, నక్కి ఉంటాడు. పెళ్ళికూతురి మేనత్త వరస వెంట నడిచి, అతన్ని గుర్తుపట్టి, రొమ్మున పువ్వు గుచ్చాలి. గుచ్చితేనే అల్లుడు. మేనత్తకి కనబడని పెళ్ళికొడుకు తెచ్చిన కానుకలు మళ్ళీ బండెక్కించుకుని వెళ్ళిపోవాల్సిందే.

నకయెంగా అన్న సెరుంకుమా కన్ను సరిగ్గా అక్కడే పడింది. సైకిళ్ళు బాగుచేసే కతెరెగ్గాకి పిల్లనిస్తానని ఆయన నలుగురిలో మాటిచ్చాడు. ఆ తర్వాత కాఫీమిల్లు ఆసామి పిల్లని తనకిమ్మని కబురంపాడు. ఇచ్చిన మాట తను తప్పకూడదు, సంబంధం మాత్రం తప్పిపోవాలి. పొద్దున చెల్లెల్ని పెరట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు: వరసలో తిరుగు, వాడిని చూసీ చూడనట్టు దాటిపో, కనబడలేదని చెప్పు. మొగుడి ఇల్లు వదిలొచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నీ మంచం ఎవరి దయ వల్ల ఉందో మర్చిపోకు, అని కూడా అన్నాడు. నకయెంగా తలూపింది. తలూపడానికి మెడ చాలు, కాళ్ళతో పనిలేదు.

పెళ్ళికూతురు నబోసా వసారాలోకి వచ్చి బేసిన్ చూసి గతుక్కుమంది.

“అత్తా, పోయినేడు పెళ్ళి వీడియోలో నీ మడమలు చూసి అందరూ నవ్వారంటే నిజమే. అయినా రేపు నా పరిచయం పెట్టుకుని ఇవాళా సింగారం? నీ కాళ్ళు పోయి వాళ్ళ బోసినోటి తాత ముందు ఆగితే నేను ఆయనకి జావ కాచిపోస్తూ బతకాలా?”

వేరే రోజైతే నకయెంగా పగలబడి నవ్వేది. ఇవాళ గరుకురాయి అందుకుని కుడి మడమను రుద్దుతూనే ఉంది. పొట్టు పొట్టుగా రాలింది. గోళ్ళు తీసింది. వాజిలైన్ రాసింది. ఎర్రరంగు వేసింది. ఎడమకాలు బేసిన్‌లో పెట్టబోతుండగా వెనక దగ్గు వినపడింది.

సెరుంకుమా చూశాడు. ఆ ఇంటి మగవాళ్ళకి బేసిన్ అంటే ఏమిటో తెలుసు.

“ఏంటే ఇది?”

“వీడియో కోసం అన్నయ్యా. పెద్దల ముందు మోకరిస్తే అరికాళ్ళు వెనక వాళ్ళకి కనపడతాయి కదా.”

“ఒకటి చాల్లే. వీడియోవాణ్ణి కుడివైపు నుంచే తియ్యమంటాను.”

బేసిన్ ఎత్తి నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పారబోశాడు. నబోసాకి ఏదో అర్థమైంది. అత్త మొహంలోకి చూసింది. అత్త చూపు తిప్పుకుంది.

మర్నాడు పందిట్లో నకయెంగా పువ్వు పట్టుకుని లేచింది. కట్టుకున్న పండగ గౌను, గోమెసి, రెక్కలు రెండూ భుజాల మీద నిక్కి ఉన్నాయి. కుడికాలు అడుగు వేయగానే తిన్నగా, మేత వాసన తగిలిన మేకలా, వరస చివరికి లాగింది. అక్కడ కతెరెగ్గా చెమటలు తుడుచుకుంటున్నాడు. ఎడమకాలు పక్కకి లాగింది. రెంటి మధ్యా మనిషి గుండ్రంగా తిరిగింది. జనం నవ్వారు. మగపెళ్ళివారి తరఫున మాట్లాడే పెద్దమనిషి, వదినగారు పిల్లోడి కోసం వెతుకుతున్నారా, డాన్సు కట్టారా అన్నాడు. మరో చుట్టు తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నబోసా గడపలో గుప్పిళ్ళు బిగించి నిలబడింది. సెరుంకుమా ఎడమ పాదాన్నే చూస్తున్నాడు. అది నకయెంగాని కతెరెగ్గా ముందునుంచి దాటించేసింది. ఇంక చెల్లెలు “కనబడలేదు” అంటే అయిపోయినట్టే.

నకయెంగా నోరు తెరిచింది. అప్పుడు తట్టింది ఆమెకి. ఎడమకాలు అన్న మాటేం వినడం లేదు. అది తన మాటే వింటోంది. అన్న మాట వింటున్నది తను.

పందిరి అంచున ఒక అమ్మాయి, అతిథులు చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళ బేసిన్ పట్టుకుని కూర్చుంది. “పదవే” అంది నకయెంగా ఎడమకాలితో. అది బుద్ధిగా వెళ్ళి, పెద్దమనుషులందరూ చూస్తుండగా, బేసిన్‌లో దిగింది. సెరుంకుమా లేచాడు, నలుగురిలో ఏమనాలో తోచక కూర్చున్నాడు. నకయెంగా కళ్ళు మూసుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ మొహంలో ఊరట కనిపించింది.

మడమ మెత్తబడింది. తడి పాదం, ఎర్రగోళ్ళ పాదం జంటగా నడిచాయి. కతెరెగ్గా రొమ్మున పువ్వు గుచ్చేసరికి ఆడవాళ్ళ కిలకిలలకి పందిరి ఎగిరిపోతుందేమో అనిపించింది.

పెళ్ళికూతురిని అత్తింట దింపడానికి బయల్దేరే ముందు అన్నకి వీడ్కోలుగా మోకరించింది.

“ఎవరి మాట మీద నడిచావే?” అన్నాడాయన పళ్ళ బిగువున.

“నా కాళ్ళనడుగు అన్నయ్యా. ఇవాళ అవి నా మాటా వినట్లేదు.”

మేనత్త పెళ్ళికూతురితో వెళ్ళి, కొన్నాళ్ళుండి తిరిగి రావడం ఆనవాయితీ. నకయెంగా వెళ్ళింది. కతెరెగ్గా ఇంట్లో రోజూ సాయంత్రం నబోసా పెద్ద కుండతో నీళ్ళు కాచి, రెండు బేసిన్లు వసారాలో పెడుతుంది. సెరుంకుమా కబుర్ల మీద కబుర్లు పంపుతూనే ఉన్నాడు. అత్త కాళ్ళు ఇంకా ఆరలేదు, ఆరగానే వస్తుందని మేనకోడలు ఎంతో మర్యాదగా జవాబు చెప్పి పంపుతోంది.