పన్నెండు ముడుల లందా

పెద్ద గోదారి వచ్చిన ఏడు. కిందనుంచి గోదారి ఎగదన్నితే శబరి వెనక్కి తిరిగి ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ కప్పేసిన ఏడు. ఆ ఒడ్డువాళ్లు పుట్టుకలూ చావులూ అన్నీ అక్కడినుంచే లెక్కపెడతారు. నా రాక కూడా ఆ లెక్కలోనే పడింది.

నేను ఒక సత్తు డేగిసాను. రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో నన్ను చేశారు. అంతకుముందు నేనేమిటో పూర్తిగా తెలియదు. సొట్టపోయిన చెంబులు, అడుగు మాడిన గిన్నెలు, ఒక పాత బస్సు రేకు కలిపి కరిగించారని మాత్రం తెలుసు. అడుగు చదును, గోడ నిటారు, మూతి వెడల్పు, పట్టుకోవడానికి రెండు చెవులు. మట్టికుండకున్న మెడ నాకు లేదు. మట్టికుండకు పట్టే చెమట నాకు పట్టదు. ఇది నా తప్పు కాదు. అయినా ముందే చెప్పుకోవడం మంచిది.

వరద సాయం కింద నన్ను లాంచీలో తెచ్చారు. గుట్టమీది బడిలో తలదాచుకున్న వాళ్లకు ఇరవై రోజులు నాలోనే అన్నం వండారు. నీళ్లు తీశాక ఇంటికో గిన్నె పంచారు. అందరూ వేలిముద్ర వేశారు. మడకం జోగయ్య ఒక్కడు సంతకం పెట్టాడు. మూడో తరగతి దాకా చదివినవాడు. జాబితాలో పేర్లు రాసిపెట్టింది కూడా అతనే. అందుకని అన్నిటికన్నా పెద్దదాన్ని, నన్ను, అతనికిచ్చారు. చదువుకు దక్కిన గౌరవం అది. ఇద్దరే ఉన్న ఇంటికి నూరు మందికి వండే డేగిసా!

జోగయ్య మాట్లాడేది తక్కువ. వరద తర్వాత అదీ లేదు. కారణం ఊరంతటికీ తెలుసు. నీళ్లు వాకిట్లోకి వచ్చినప్పుడు అతను ముందు ఎద్దులు విప్పాడు. రెంటినీ గుట్ట ఎక్కించి తల్లి కోసం వెనక్కి వచ్చేసరికి ఇల్లు లేదు. తల్లి పొజ్జమ్మ లందా కుండ కోసం లోపలికి వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. మూడోనాడు పొజ్జమ్మ దొరికింది. కుండ దొరకలేదు.

లందా అంటే ఆ ఒడ్డున ఇంట్లో పులియబెట్టుకునే బియ్యపు కల్లు. బియ్యం నానబెట్టి దంచి, ఆ పిండిని ఆవిరిమీద ఉడికించి, చల్లారాక మొలకెత్తిన మొక్కజొన్న పిండీ నీళ్లూ కలిపి కుండలో పోసి మూస్తారు. నాలుగో నాటికి తియ్యగా, కొంచెం పుల్లగా, చిన్నగా తలకెక్కేలా తయారవుతుంది. పొజ్జమ్మ చేసినది తాగడానికి ఏటి అవతలినుంచి కూడా వచ్చేవారట. ఆమె ఏదీ కొలిచేది కాదు. కుండ గొంతు దాకా పిండి, ఇన్ని దోసిళ్ల మొలకపిండి, బొటనవేలు మునిగేదాకా నీళ్లు. కొలతంతా ఆ కుండ ఒంట్లోనే ఉండేది. కుండతో పాటే అదీ పోయింది.

ఇక జోగయ్య భార్య ఉంగమ్మ. పొజ్జమ్మకు కోడలు మాత్రమే కాదు, మేనకోడలు. పొజ్జమ్మ తమ్ముడు ముచిక దేవయ్యే ఉంగమ్మ తండ్రి, ఏటి అవతలి ఊరు. అక్క శవాన్ని చూసిననాడు దేవయ్య అల్లుణ్ని ఒకటే అడిగాడట.

"ఎద్దులు బాగున్నాయా అల్లుడా?"

ఆ తర్వాత రాకపోకలు లేవు. ఉంగమ్మ పుట్టింటి గడప తొక్కి ఆరు నెలలైంది. పొజ్జమ్మ గుర్తుగా రాయి నిలబెట్టే రోజున దేవయ్య వచ్చి, ఆమె పేరున చేసిన లందా తాగితే తెగింది మళ్లీ కలుస్తుంది. తాగకపోతే కలవదు. ఇంట్లో దీనికోసమే బతుకుతున్నట్టు ఉండేవారు. జావ తాగి, సాయం బియ్యంలో పన్నెండు మానికలు దాచారు.

కుండ మాత్రం ఎక్కడా లేదు. కుమ్మరివాళ్ల పేట కూడా కొట్టుకుపోయింది. నేనే గతి.

ఒక మధ్యాహ్నం జోగయ్య నా ముందు గొంతుక్కూర్చుని ఉంగమ్మను అడిగాడు.

"అమ్మ కుండకు పిండి ఎంత?"

"గొంతు దాకా."

"మానికల్లో చెప్పు."

"మీ అమ్మ మానిక ముట్టుకుంటే కదా. నాలుగుండొచ్చు."

"మొలకపిండి?"

ఉంగమ్మ దోసిలి పట్టి చూపించింది. తర్వాత తన చేతులకేసి చూసుకుని, "నా దోసిలి కాదు. అత్త దోసిలి. నావి రెండైతే ఆమెవి ఒకటిన్నర" అంది.

జోగయ్య బొగ్గు ముక్కతో గోడమీద రాశాడు. నాలో అలాంటి కుండలు మూడు పడతాయని నీళ్లు పోసి తేల్చాడు. పిండి మూడింతలు, మొలకపిండి మూడింతలు, నీళ్లు మూడింతలు. అంతవరకు బాగానే ఉంది. నా మూతి వెడల్పు గనక నీళ్లు ఒక చెంబు ఎక్కువే పట్టాలి, కానీ అది చిన్న సంగతి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మనుషులు చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్న లెక్కను ఊరికే పోనివ్వరు. ఒక ఎద్దు నాలుగు మోపుల గడ్డి తింటే మూడు ఎద్దులు ఎన్ని మోపులు తింటాయి? గుట్టమీది బడిలో అతనికి వచ్చిన ఆఖరి లెక్క అది. ముప్పై ఏళ్లుగా వాడే అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది.

మర్నాడు పొద్దున ఉంగమ్మ పిండి ఉడికిస్తుండగా అతను తాడుకు ముడులు వేశాడు. అక్కడ పిలుపు అలాగే పంపుతారు. ఎన్నాళ్లుంటే అన్ని ముడులు. పిలుపందుకున్నవాళ్లు పొద్దుకొకటి విప్పి, ఆఖరి ముడి విప్పిన రోజున బయలుదేరతారు. తాడు పడవలో ఏరు దాటింది. పొద్దు వాలేలోపు ఉంగమ్మ నాలో అంతా కలిపి, మూతపెట్టి, చుట్టూ మట్టితో అలికింది. చనిపోయినవాళ్ల పేరున పెట్టిన లందా మట్టి పగలగొట్టాల్సింది వాళ్ల పుట్టింటివాళ్లే. ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

రెండోనాడు పొద్దున ఉంగమ్మ వాకిలి ఊడుస్తూ అంది.

"ఇంక మూడు ముడులే. నాన్న వచ్చేసరికి చేపలేమన్నా దొరుకుతాయేమో సూడు."

"పదకొండు."

"ఏంది పదకొండు?"

"ముడులు. కుండకు నాలుగు రోజులైతే మూడు కుండలకు పన్నెండు."

ఉంగమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఓయ్యా, మూడు కుండలు పక్కపక్కన పెడితే పన్నెండు రోజులు ఆగుతామా?"

జోగయ్య అంత తేలికైన మాట తనకెందుకు తట్టలేదా అన్నట్టు గోడమీది బొగ్గు గీతలకేసి చూశాడు. అర్థమైందని నాకు తెలుసు. అర్థమయ్యాక ఒప్పుకోవడం వేరే పని.

"ఎవరినన్నా పంపి ముడులు విప్పించు" అంది ఉంగమ్మ.

"తాడు మారిస్తే మామ అసలే రాడు. రాకుండా ఉండటానికి సాకు కోసం సూస్తన్నడు."

"మరి పాడైతే? ఇంట్లో ఇంకో గింజ లేదు."

"పెద్ద గిన్నె. నిదానంగా అయితది."

నిదానంగా కాదు. అప్పటికే నా కడుపు కాగుతోంది. కుండ అయితే ఒళ్లంతా చెమటపట్టి తన వేడి తాను తీసుకునేది. నాలో పన్నెండు మానికల పిండి ఒక్కచోట చేరి దానికదే వేడెక్కింది. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అయిపోయింది. మూడోనాడు పొద్దున నాలో ఉన్నది పొజ్జమ్మ చేసినంత బాగుంది. ఈ మాట నేను తప్ప చెప్పగలిగినవాళ్లు లేరు. నాకు నోరు లేదు.

ఆ పొద్దున ఉంగమ్మ వచ్చి నా పక్కన చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"కాలుతుందయ్యా. అయిపోయింది ఇది. వాసన సూడు."

మట్టి అప్పటికే నెర్రెలిచ్చింది. అందులోంచి నురగ బుసబుసలాడుతోంది.

"తీస్తాను. తీసి కొంచెం చల్లార్చి, నీళ్ల దగ్గర నీడన పెడదాం."

"తియ్యకు. పుట్టింటోళ్ల చెయ్యి పడాలి."

"నేనెవర్ని? అత్త పుట్టిన ఇంట్లో పుట్టలేదా నేను? ఆమె తమ్ముడి బిడ్డను కానా?"

జోగయ్య తల ఎత్తలేదు.

"నువ్వు మా ఇంటిదానివి."

ఏటి అవతలికి ఆరు నెలలుగా పోలేనిది ఆమె. ఈ గడపలో ఉన్నందుకే పుట్టింటికి పరాయిదైంది. ఇప్పుడు ఈ గడపలోనూ ఆ పుట్టుక చెల్లలేదు. ఉంగమ్మ చెయ్యి చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది. జోగయ్య తడిమట్టి తెచ్చి నెర్రెలన్నీ పూడ్చాడు. చాలా శ్రద్ధగా పూడ్చాడు.

అయిదోనాడు పులుపెక్కింది. ఏడోనాటికి ఆ పులుపు నన్ను కొరకడం మొదలుపెట్టింది. సత్తుకు పులుపు పడదు. నా గోడ చుక్కలు చుక్కలుగా కరిగి అందులో కలిసింది. చనిపోయిన మనిషి కోసం పెట్టినదాంట్లో నేను నా రేకు కలిపాను. ఉంగమ్మ మళ్లీ నా దగ్గరికి రాలేదు. జోగయ్య రోజూ పొద్దున వచ్చి నా ముందు కూర్చునేవాడు. చెయ్యి మాత్రం వేసేవాడు కాదు.

పన్నెండో రోజు దేవయ్య వచ్చాడు, వెంట తన ఊరివాళ్లు పదిమంది. తాడు మెడలో వేసుకున్నాడు. ముడి ఒక్కటీ లేదు. తండ్రి కాళ్లు కడగడానికి ఉంగమ్మ చెంబుతో పరిగెత్తింది. అతను కూతురి తలమీద చెయ్యి పెట్టాడు. అల్లుడికేసి చూడలేదు. రాయి నిలబెట్టారు. నన్ను ఇద్దరు మోసుకొచ్చి రాతి ముందు దించారు.

దేవయ్య కర్రతో మట్టి పగలగొట్టి మూత తీశాడు. ముందువరసలో ఉన్నవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఎవరో దగ్గారు. దేవయ్య కదల్లేదు. ఆకు దొప్ప ముంచి మొదటిది రాయిమీద పోశాడు. రెండోది ముంచి పట్టుకున్నాడు.

"వద్దు నాన్నా" అంది ఉంగమ్మ.

"ఎన్ని రోజులైంది ఇది పెట్టి?"

"పన్నెండు" అన్నాడు జోగయ్య.

"మా అక్క నాలుగు రోజులకు తీసేది. అడగలేదా దీన్ని?" అని కూతురిని చూపించాడు.

జోగయ్య రాయికేసి చూశాడు.

"చెప్పాను నాన్నా" అంది ఉంగమ్మ. అని నాలుక కరుచుకుంది. చెప్పకుండా ఉండాల్సిందని ఆమెకు వెంటనే తెలిసింది.

దేవయ్య తల ఊపాడు. దొప్పలోది చివరిదాకా తాగాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. మూతి తుడుచుకున్నాడు.

"మా అక్క నిన్ను నమ్మి ఏటినీళ్లు తాగి పోయింది. ఆమె పేరున ఇది తాగలేనా నేను? తాగాను. ఆమెకు బాకీ లేను. నీకు చుట్టాన్నీ కాను."

దొప్పను నేలమీద బోర్లించాడు. మెడలో తాడు తీసి నా చెవికి తగిలించాడు. "బిడ్డా, పోయొస్తా" అని కూతురితో ఒక్కమాటన్నాడు. వెంటవచ్చిన పదిమందీ అతని వెనకే ఏటివైపు నడిచారు. వండిన కూర అలాగే ఉంది.

ఆ తర్వాత నా బతుకు చెప్పుకోదగ్గది కాదు. కొన్నాళ్లు ఎద్దుల కుడితి, కొన్నాళ్లు కోళ్లను మూసే బుట్ట. పులుపు కొరికిన గుంటలు చిల్లులయ్యాయి. ఒక చెవి ఊడింది. ఇప్పుడు చింతూరులో పాత సామాన్ల కొట్టు వెనక, విరిగిన ఫ్యాను రెక్కల మధ్య బోర్లా పడున్నాను. మళ్లీ కరిగిస్తారు. ఈసారి ఏమవుతానో, నాలో ఎవరు ఏం కొలుస్తారో. దేవయ్య ఆ గడప మళ్లీ తొక్కలేదు. పంపినవి పంపినట్టే తిరిగొచ్చాయి. తండ్రి పోయిన కబురు ఉంగమ్మకు దినాలు దాటాక తెలిసింది.

ఎండ పడితే నా లోపలి గోడమీద ఇప్పటికీ ఒక గీత కనిపిస్తుంది. కొట్టువాడు అది పగులేమోనని గోటితో గీకి చూశాడు. పగులు కాదు. దేవయ్య వెళ్లిన మర్నాడు పొద్దున గీసింది.

ఆ పొద్దున జోగయ్య నన్ను ఏటి ఒడ్డుకు ఈడ్చుకెళ్లి అంతా పారబోశాడు. ఇసకా బూడిదా వేసి తోమాడు. గుంటలు పోలేదు. ఇంటికి తెచ్చి, మానికతో నీళ్లు కొలిచి పోస్తూ పోయి, ఉంగమ్మను పిలిచాడు.

"అమ్మ కుండంత ఎందాకా?"

ఉంగమ్మ వంగి నా లోపల అరచెయ్యి అడ్డంగా పెట్టింది. అతను ఆ చేతి అంచు వెంబడే మేకుతో గీత గీశాడు. ఆ చెయ్యి పన్నెండు రోజుల ముందు కూడా ఆ ఇంట్లోనే ఉంది.

నా చెవికున్న తాడు తీసి నాలుగు ముడులు వేశాడు.

"బియ్యమేవి?" అంది ఉంగమ్మ.

"ఎద్దుంది కదా" అని అతను కొట్టంలోకి వెళ్లాడు. వరదనాడు ముందుగా విప్పిన ఎద్దునే విప్పాడు. తాడు దాని కొమ్ముకు కట్టి, ఏటివైపు తోలుకుపోయాడు.