రాగికి లొంగిన రైఫిల్

తండ్రి ఇచ్చిన రైఫిల్‌తో డెల్బర్ట్ హాగెన్ ముప్పై ఏళ్లుగా మోంటానా కొండల్లో దుప్పుల్ని వేటాడుతున్నాడు. గురి తప్పాడని ఎవరూ ఎన్నడూ అనలేదు. ఈ ఏడు మాత్రం కడుపుతో ఉన్న కూతురు గ్రెటా ఫోన్ చేసి మెలిక పెట్టింది.

"నాన్నా, సీసం గుండు లోపల పడ్డాక నలుసులు నలుసులవుతుందట. అవి మాంసంలోనే ఉండిపోతాయట. నాకు పంపేదుంటే రాగి గుండుతో కొట్టింది పంపు."

కూతురు అడిగితే డెల్బర్ట్ కాదనడు. రాగి గుండ్లు తెచ్చి, ఎప్పటిలాగే వంటింటి బల్ల మీద తనే తూటాలు కట్టుకున్నాడు. శనివారం పొద్దున్నే ఊరి బయట గురి చూసుకునే చోటికి వెళ్లాడు. బావమరిది రోలీ కాఫీ ఫ్లాస్కుతో వెంట వచ్చాడు. మొదటి గుండు గురి కాగితం మూలకు తగిలింది. రెండోది దాని కింది అంచున పడింది. మూడోది ఎటుపోయిందో దేవుడికే తెలియాలి.

"బావా, కాలుస్తున్నావా, విత్తనాలు చల్లుతున్నావా?"

"రాగిది తప్పురా, నాది కాదు."

"అవున్లే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

డెల్బర్ట్ మొహం ముడుచుకుని ఇల్లు చేరాడు. భార్య లోర్నా బంగాళాదుంపల చెక్కు తీస్తూనే సంగతంతా వింది.

"రైఫిల్ గొట్టం లోపల కడిగావా?"

"ఏటేటా నూనె పెడుతూనే ఉన్నాగా."

"నూనె సంగతి కాదు. తలంటు ఎప్పుడు పోశావూ అంటున్నా."

రాగి మరకల్ని కరిగించే మందు గొట్టంలో పోశాడు. ఆ కంపుకి లోర్నా అతన్ని అరుగు మీదికి తరిమేసింది. గుడ్డపీలిక దూర్చి లాగితే నెమలి మెడ రంగులో బయటికొచ్చింది. పాత సీసం గుండ్ల మీది రాగి పైపూత అన్నేళ్లుగా లోపలే పేరుకుపోయింది! సిగ్గుపడుతూనే, పీలిక తెల్లగా వచ్చేదాకా తోమాడు.

మళ్లీ రోలీతో వెళ్లి కాలిస్తే, ఈసారి గుండ్లన్నీ భోజనం పళ్లెమంత మేరలో పడ్డాయి.

"నయమే బావా. దుప్పికి తగలకపోయినా, దుప్పి నిలబడ్డ కొండకి తగులుతుంది."

ఆ సాయంత్రం డెల్బర్ట్ పాత గుండునీ కొత్త గుండునీ పక్కపక్కన నిలబెట్టాడు. బరువు ఒకటే కానీ, రాగి సీసం కన్నా తేలిక కాబట్టి కొత్తది పొడుగ్గా ఉంది. తన పాత గొట్టం లోపలి మెలిక గాడులు అంత పొడుగుదాన్ని నిలకడగా గిరగిరా తిప్పి పంపలేవు. పైగా పాత అలవాటు కొద్దీ గుండు కొస గొట్టం గాడులకు దాదాపు ఆనేలా బిగిస్తున్నాడు. బిరుసైన రాగికి గాడి పట్టేముందు కాస్త పరుగు కావాలేమో! తేలికైన పొట్టి గుండ్లు తెచ్చాడు. తుపాకిమందు తగ్గించి మొదలుపెట్టి, గుండుని తూటా ఇత్తడి తొడుగులోకి ఇంకొంచెం దించాడు.

ఈసారి మూడు చిల్లులూ సోడా సీసా మూత కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. రోలీ గొంతు సవరించుకున్నాడు.

"గాలి లేదు కాబట్టి సరిపోయింది."

"అయితే నువ్వే కాల్చరా."

రోలీ కాల్చాడు. అవీ అలాగే పడ్డాయి. కాగితం దగ్గరికి నడిచి వెళ్లి, మెడ వెనక గోక్కుంటూ చిల్లుల్ని వేలితో తడిమి చూశాడు.

మంచు పడ్డ వారంలో డెల్బర్ట్ ఒకే ఒక్క గుండుతో బలిసిన పోతుదుప్పిని కొట్టాడు. గ్రెటా వచ్చి రెండుసార్లు వడ్డించుకు తింది. రోలీ మూడుసార్లు. చెయ్యి కడుక్కుంటూ బావ చెవిలో గొణిగాడు.

"ఆ రాగివి నాకూ ఓ పెట్టెడు కట్టిపెట్టు. అక్కతో మాత్రం అనకు."

"విన్నాలేరా," అంది లోర్నా లోపల్నుంచి. "ముందు ఇలా వచ్చి గిన్నెలు తోము."